కారు మనది.. కళ్లెం కంపెనీది!

విద్యుత్ కారు కొనేవారు ఇంతకాలం రెండే ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. ఒకసారి ఛార్జింగ్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? దారిలో ఛార్జింగ్ కేంద్రాలు ఎన్ని ఉన్నాయి? మూడో ప్రశ్న బండి ఇంటికి వచ్చిన తర్వాత గాని తలెత్తడం లేదు. అందులోని సాఫ్ట్‌వేర్‌కు, సిమ్‌కు ఎన్నేళ్లు పూచీ? విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములను 2026 డిసెంబరు నెలాఖరు వరకు పూర్తిగా మినహాయిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విధానం ప్రకటించిన సంగతి విదితమే. ఈ కార్లు జిల్లా కేంద్రాల రోడ్లపైకీ వస్తున్న తరుణంలో ఆ మూడో ప్రశ్న మహానగరాలకే పరిమితం కాదు.

మహీంద్రా బీఈ 6, టాటా హారియర్ ఈవీ వంటి కార్ల పైశ్రేణి రకాల్లో డ్రైవరుకు తోడ్పడే వ్యవస్థను అమరుస్తున్నారు. షోరూముల్లో దీన్ని అడాస్ అంటారు. ముందు అద్దం వెనుక కెమెరా, బంపరు వద్ద రాడార్ దీనికి కళ్లు. ముందున్న వాహనానికి దూరం పాటిస్తూ వేగాన్ని సరిచేస్తుంది, గీత దాటుతుంటే స్టీరింగ్‌ను వెనక్కి తిప్పుతుంది, ఢీకొనే ముప్పు తోస్తే తానే బ్రేకు వేస్తుంది. ప్రకటనల్లో ఘనంగా కనిపించే ‘లెవల్ 2’కు అసలు అర్థం ఒక్కటే. చేతులు స్టీరింగ్‌పైనే ఉండాలి, చూపు రోడ్డుపైనే ఉండాలి, బాధ్యత డ్రైవరుదే.

గీత లేని దారిలో..

చిక్కంతా ఇక్కడే మొదలవుతోంది. ఈ యంత్రం నమ్ముకునేది రోడ్డుపై తెల్లగీతను. మన రోడ్లపై ఆ గీత ఒకచోట ఉంటుంది, మరోచోట చెరిగి ఉంటుంది, ఇంకోచోట అసలు వేయనే వేయరు. కోతల కాలంలో సగం రోడ్డుపై వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చడం పల్లెదారుల్లో మామూలే. ఆ రాళ్లను తప్పించడానికి ఇండికేటర్ వేయకుండా పక్కకు జరిగితే, గీత దాటుతున్నారని భావించి స్టీరింగ్‌ను తిరిగి రాళ్లవైపే మళ్లించబోతుంది. చేత్తో కాస్త బలంగా పట్టుకుంటే లొంగుతుంది. అయితే ఈ సంగతి ముందే తెలియని డ్రైవరు ఒక్క క్షణం తత్తరపడక తప్పదు.

బ్రేకు వ్యవహారం మరీ సున్నితం. పక్కనుంచి ఆటో చొరబడినా, తప్పుడు దిశలో ట్రాక్టరు ఎదురైనా కారు ఒక్కసారిగా బ్రేకు వేయవచ్చు. వెనుక ఆనుకుని వచ్చే లారీకి మాత్రం అలాంటి బ్రేకు ఉండదు. ఈ భయంతోనే యజమానుల్లో పలువురు కొన్ని సదుపాయాలను ఆపేస్తున్నారు. చాలా కార్లలో ఇంజను, అదే మోటారు, తిరిగి ఆన్ చేయగానే అవి మళ్లీ పనిచేయడం మొదలవుతుంది. అలాగని వీటిని పనికిరానివని తోసిపుచ్చలేం. లైట్లు లేకుండా రోడ్డుపై ఆగిన లారీని అర్ధరాత్రి నిద్రమత్తులో గమనించని డ్రైవరుకు ప్రాణం నిలపగలిగేది ఈ బ్రేకే. ముందు అద్దం మార్పిస్తే కెమెరాను మళ్లీ సరిచేయించాలన్నది మరువరాదు. బయట చౌకగా అద్దం వేయించుకుని ఆ పని వదిలేస్తే దాని అంచనాలు తప్పుతాయి.

గీతలు చక్కగా ఉన్న అమెరికాలోనూ పరిస్థితి సాఫీగా లేదు. ఖాళీ రోడ్డుపై కారణం లేకుండా బ్రేకు పడుతోందని 354 ఫిర్యాదులు రావడంతో, సుమారు 4.16 లక్షల టెస్లా కార్లపై అక్కడి రహదారి భద్రతా సంస్థ 2022 ఫిబ్రవరిలో విచారణ చేపట్టింది. డ్రైవరు ఏమరకుండా చూసే ఏర్పాటు చాలదని తేలడంతో 2023 డిసెంబరులో 20 లక్షలకు పైగా కార్లకు సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. ఆ మార్పయినా సరిపోయిందా అంటూ 2024 ఏప్రిల్‌లో అదే సంస్థ మళ్లీ ఆరా తీసింది. ఫ్లోరిడాలో 2019లో జరిగిన ప్రాణాంతక ప్రమాదంపై 2025 ఆగస్టులో జ్యూరీ ఇచ్చిన తీర్పు గమనార్హం. తప్పులో 33 శాతం కంపెనీదని, మిగతాది కింద పడిన ఫోను కోసం వంగిన డ్రైవరుదని తేల్చింది. కంపెనీ ఆ తీర్పును సవాలు చేసింది.

సర్వర్ ఆగితే..

అనుసంధానం కథ వేరు. 2021 నవంబరులో టెస్లా సర్వర్ మొరాయించినప్పుడు ఫోన్‌నే తాళంగా వాడుతున్నవారు తమ కార్ల బయటే నిలబడిపోయారు. జేబులో కార్డు ఉన్నవారికి ఇబ్బంది కలగలేదు. బ్రిటన్‌లో పాత 2జీ సిమ్‌లున్న నిస్సాన్ లీఫ్ కార్లకు 2024 ఏప్రిల్‌లో యాప్ సేవలు నిలిచిపోయాయి. బండ్లు తిరుగుతూనే ఉన్నా, దూరం నుంచి ఛార్జింగ్ చూసుకునే వీలు పోయింది. అన్నిటికంటే ఘోరం ఫిస్కర్ యజమానులది. ఆ కంపెనీ 2024 జూన్‌లో దివాలా ప్రకటించడంతో సాఫ్ట్‌వేర్ ఎవరిస్తారో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలియక వారే సంఘం కట్టుకోవలసి వచ్చింది.

మన దగ్గర బ్యాటరీకి ఎనిమిదేళ్లు, కొన్ని కార్లకు జీవితకాలం వారంటీ అని పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్లు అందుతుంది, ఉచిత గడువు ముగిశాక సిమ్‌కు ఏటా ఎంత కట్టాలి అన్నవి మాత్రం అంత పెద్ద అక్షరాల్లో కనిపించవు. డబ్బు కట్టే ముందే వీటిని రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం ఉత్తమం. నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో సిగ్నల్ అందని చోట్లు అనేకం. యాప్ తెరిచి ఓటీపీ కొడితే గాని పనిచేయని ఛార్జర్‌ను నమ్ముకుని అడవిలోకి దిగడం ప్రమాదకరం. అసలు తాళం వెంట ఉంచుకోవాలి.

పాత కారు కొనేవారు మరింత జాగ్రత్త పడాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలూ వెలువడ్డాయి. అయినా ఆర్టీఏ కార్యాలయంలో ఆర్సీపై పేరు మారినంత మాత్రాన సర్వర్‌లో ఖాతా దానంతట అది మారదు. పాత యజమాని ఖాతాను తొలగించేవరకు మీ కారు ఏ ఊళ్లో ఉందో, ఎప్పుడు కదిలిందో అతని ఫోనులో కనిపించే అవకాశం ఉంది. కొన్ని కార్ల తలుపులను కూడా ఆ ఫోనుతోనే తెరవవచ్చు.