పులి కనిపించకపోతేనేం?

హైదరాబాద్ పాతబస్తీ నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టి నల్లమలకు వెళ్లొచ్చినవాళ్లను అందరూ అడిగేది ఒకటే: పులి కనిపించిందా? లేదంటే ప్రయాణం దండగైనట్టే లెక్క. ఈ కొలమానమే తప్పు. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన కొండల అడవి. పులి అందులో ఎక్కువగా చీకటివేళ ఒంటరిగా తిరిగే జీవి. అది కంటపడటం అదృష్టం. దాని ఉనికిని చదవగలగడం విద్య. వాగు ఒడ్డున తడి ఇసుకలో అరచేతంత అడుగు, చెట్టు బెరడు మీద నిలువుగా దిగిన గోటిగాట్లు, కొమ్మ మీది కొండముచ్చు ఉన్నట్టుండి పెట్టే కేక, ఇవన్నీ పులి రాసిన అక్షరాలే. వాటిని చదవడంలో ఈ అడవినే నమ్ముకున్న చెంచు గిరిజనులను మించిన గురువులు లేరు. పులి కోసమే జనం డబ్బు కడతారు, ఆ రాబడి అడవికే మేలు కదా అంటారు కొందరు. రాబడి అవసరమే, కాదనను. కానీ పులిని చూపించి తీరాలన్న ఒత్తిడి పెరిగితే జీపుల వేగమూ గోలా పెరుగుతాయి, జంతువులు మరింత లోపలికి తప్పుకుంటాయి. పైగా పులి బతికేది దుప్పి, కణితుల మీద. అవి బతికేది గడ్డి, నీటి మీద. ఈ గొలుసును చూడనివారు పులిని చూసినా అడవిని చూడనట్టే. అందుకే చెంచు గైడు వెంట, అనుమతి ఉన్న బాటలో, మాట తగ్గించి నడుద్దాం.