స్పీడ్ ఒక్కటే చాలదు: పోర్షే 919 హైబ్రిడ్ నుంచి ఫోన్ కంపెనీలు నేర్చుకోవాల్సింది

కొత్త ఫోన్ లాంచ్ అయితే చాలు, బెంచ్‌మార్క్ స్కోరు ఎంత, ఎన్ని వాట్ల ఛార్జింగ్ అనే రెండు ప్రశ్నలే వినిపిస్తాయి. రెండేళ్ల తర్వాత ఆ ఫోన్ పరిస్థితి ఏంటని అడిగేవాళ్లు తక్కువ. ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఫోన్ కాదు, ఒక రేస్ కారు: పోర్షే 919 హైబ్రిడ్.

ముందు స్పెక్స్ చూద్దాం. 2 లీటర్ల వీ4 టర్బో పెట్రోల్ ఇంజిన్ వెనక చక్రాలను, ఎలక్ట్రిక్ మోటార్ ముందు చక్రాలను తిప్పుతాయి. రెండూ కలిపి దాదాపు 900 హార్స్‌పవర్. బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తినీ, పొగతో పాటు బయటికి పోయే శక్తినీ పట్టి లిథియం అయాన్ బ్యాటరీలో దాచుకుంటుంది. అంతా 800 వోల్టుల సిస్టమ్. వోల్టేజ్ పెరిగితే అదే పవర్‌కి కరెంట్ తక్కువ సరిపోతుంది, వైర్లలో వేడి తగ్గుతుంది. 2019లో వచ్చిన పోర్షే టైకాన్ కారులోనూ 800 వోల్టులే వాడారు.

పేపర్ మీద అద్భుతం. కానీ తొలి టెస్టుల్లో ఇంజిన్ వైబ్రేషన్ మరీ ఎక్కువగా ఉండటంతో దాన్ని మళ్లీ డిజైన్ చేయాల్సి వచ్చింది. 2014లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో ఒక 919 లీడ్ దాకా వెళ్లి, ఇంకో రెండు గంటలుందనగా ఆగిపోయింది. ఆ తర్వాత 2015, 2016, 2017... వరసగా మూడేళ్లు లె మాన్స్ గెలిచింది.

వీటిలో నాకు ఇష్టమైనది 2017. రేసు మొదలైన కొన్ని గంటలకే ముందు చక్రాల ఎలక్ట్రిక్ డ్రైవ్ పాడైంది. మెకానిక్‌లు గంటకు పైగా కష్టపడి బాగుచేసి ట్రాక్ మీదికి పంపేసరికి కారు 56వ స్థానంలో ఉంది. ముందున్న హైబ్రిడ్‌లు ఒక్కొక్కటే మొరాయించాయి. చివరికి టిమో బెర్న్‌హార్డ్, బ్రెండన్ హార్ట్‌లీ, ఎర్ల్ బాంబర్‌ల కారే గెలిచింది. అంత టైట్‌గా పేర్చిన మెషిన్‌ని కూడా రేసు మధ్యలో విప్పి బిగించగలిగారు కాబట్టే అది సాధ్యమైంది.

మరి మన ఫోన్ల సంగతి? బ్యాటరీ మార్చాలంటే వెనక గ్లాస్‌ని వేడిచేసి, జిగురు ఊడదీయాలి. నీళ్లు లోపలికి పోకుండా ఉండాలంటే ఇలాగే అతికించాలని కంపెనీలు అంటాయి. నిజమే, కొంతవరకు. ఫోన్ వెనక మెకానిక్‌ల టీమ్ ఉండదు, అదీ నిజమే. అందుకే కదా వీధి చివర రిపేర్ షాపు కుర్రాడు కూడా సులువుగా విప్పగలిగేలా డిజైన్ చేయాల్సింది!

2018లో రేసు రూల్స్ పక్కనపెట్టి తయారుచేసిన 919 ఈవో, నూర్‌బర్గ్‌రింగ్‌లో 5 నిమిషాల 19.546 సెకన్లలో ల్యాప్ కొట్టింది. వీడియో చూస్తే మతిపోతుంది. కానీ అది ఒక్క ల్యాప్. బెంచ్‌మార్క్ స్కోరు కూడా అంతే. మీరు ఫోన్ వాడేది మాత్రం 24 గంటలూ, ఏళ్ల తరబడి.

అందుకే నా సలహా: ఈసారి కొనే ముందు బ్యాటరీ, స్క్రీన్ మార్చడానికి ఎంతవుతుందో, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో షాపులో అడగండి. సూటిగా జవాబు రాకపోతే, ఎంత స్పీడ్ ఫోనైనా ఇంకో ఆప్షన్ చూసుకోవడమే బెటర్.