కాలికి పని, చేతికి వల

మా దాచేపల్లి మండలంలో, పొందుగల దగ్గర కృష్ణలో పుట్టి వేసుకుని చేపలు పట్టేవాళ్ళను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఒక చేత్తో తెడ్డు, మరో చేత్తో వల. గాలి లేస్తే తెడ్డుకే రెండు చేతులూ చాలవు. ఇక వల ఎవరు పట్టాలి?

1997లో హోబీ కంపెనీ కయాక్ అనే సన్నటి పడవలకు మిరేజ్ డ్రైవ్ అనే తొక్కుడు యంత్రాన్ని తెచ్చింది. తొక్కుతుంటే పడవ అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ రెక్కల్లా ఊగి నీటిని వెనక్కి నెడతాయి. తెరచాప ఎత్తాక ఒక పెడల్ ముందుకు తోసిపెడితే రెక్కలు అడుగుకు అతుక్కుంటాయి. నీటి ఒరిపిడి తగ్గుతుంది. చేతికంటే కాలికి బలమెక్కువని సైకిల్ తొక్కే ప్రతివాడికీ తెలుసు.

ఇలాంటిది మన ఏటికీ రావాలని నా వాదం. గుండ్రటి పుట్టి తిన్నగా పోదు కాబట్టి పొడుగు పడవ కావాలి. అయితే తెచ్చుకోగానే సరిపోదు, సాకడం తెలియాలి. గొలుసు వదులైతే బిగించాలి, ఇసుక చేరితే కడగాలి, రెక్కకు నాచు చుట్టుకుంటే తియ్యాలి. మా ఆయిల్ ఇంజనుకు నాన్న చేసే సేవ ఇలాంటిదే. చూసుకోనివాడికి ఏ యంత్రమైనా మూలనపడ్డ ఇనుమే.

మిత్రులారా, ఘర్షణ గురించి పరీక్షలో పేజీలు నింపే మనం గొలుసు బిగించడం ఎప్పుడు నేర్చుకుంటాం? పాత సైకిల్ సామానుతో ఒక నమూనా చేద్దాం. ముందు జాలరి చేతికిద్దాం. ఆయన కాదంటే మార్చుకుందాం.