వాల్వు మనిషికి జ్వరమొస్తే ఏ రక్తపరీక్ష?

ఇంట్లో గుండె వాల్వు చెడిపోయినవాళ్లో, మార్పించుకున్నవాళ్లో ఉంటే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదమ్మా. చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరంతో వాల్వు దెబ్బతిన్న ఆడవాళ్లు మన ఇళ్లల్లో తక్కువేం కాదు. ఆ వాల్వు మీద సూక్ష్మక్రిములు చేరితే ఎండోకార్డైటిస్ అంటారు. ప్రాణం మీదికి తెస్తుంది. మొదట్లో మాత్రం సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, నీరసం, అన్నం సయించకపోవడం, అంతే.

"ఇ.ఎస్.ఆర్. ఎక్కువుందన్నారండీ" అంటారు చాలామంది. అది పాత పరీక్ష, చవక. గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో చూస్తారు. రక్తం తక్కువైనా, కడుపుతో ఉన్నా, వయసు పైబడినా అది పెరుగుతుంది. గుండె బలహీనపడి నీరు పట్టినవాళ్లలో ఒక్కోసారి తక్కువే చూపిస్తుంది కూడా.

సి.ఆర్.పి. ఇంకాస్త చురుకు. కాలేయంలో తయారయ్యే ఈ పదార్థం జబ్బు మొదలైన కొద్ది గంటల్లోనే పెరుగుతుంది, మందు పనిచేస్తే దిగుతుంది. కానీ గుండెపోటు వచ్చినా, ఆపరేషన్ అయినా పెరుగుతుంది. వంటింట్లోంచి పొగ వస్తోందని చెబుతుందే గానీ, మాడింది పప్పో పాలో చెప్పదు.

ప్రోకాల్సిటోనిన్ అని మరొకటుంది. బ్యాక్టీరియా జబ్బు ముదిరితే ఇది బాగా పెరుగుతుందని 1993లో ఫ్రెంచి డాక్టర్లు రాశారు. వైరస్ జ్వరాల్లో అంతగా పెరగదు. ఆయాసంతో వచ్చిన గుండె రోగికి ఊపిరితిత్తుల్లో చేరింది నీరా, నిమోనియానా అని తేల్చడానికి సాయపడుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువే. పైగా వాల్వు మీద క్రిములున్నా కొందరిలో ఇది నార్మల్‌గానే ఉంటుంది. అందుకని అది బాగుందని ఇంటికొచ్చి పడుకోవడానికి లేదు.

అసలు దొంగను పట్టిచ్చేది బ్లడ్ కల్చర్. వేర్వేరు చోట్ల సూది గుచ్చి, మామూలుగా మూడుసార్లు రక్తం తీసి సీసాల్లో ఉంచుతారు. పాలలో తోడు వేసి ఉంచినట్టే, క్రిమి పెరగడానికి టైము పడుతుంది. పెరిగితే దాని పేరేమిటో, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ముందే యాంటీబయోటిక్ మింగితే సీసాలో ఏమీ పెరగకపోవచ్చు. మరిగే పాలలో తోడు వేస్తే పెరుగవుతుందా? మా తోటికోడలికి మందుల షాపతను మూడు రోజులు మాత్రలిచ్చాడు. తర్వాత కల్చర్‌లో ఏమీ రాలేదు. ఎకో తీస్తే వాల్వు మీద క్రిముల గడ్డ కనబడింది. ఏ క్రిమో తెలియకుండానే ఆరు వారాలు ఇంజక్షన్లు చేశారు. బతికింది, అదే పదివేలు.

కాబట్టి వాల్వు మనిషికి జ్వరమొస్తే షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాత ఎకో రిపోర్టు చేతిలో పెట్టుకుని, "మాత్రలింకా ఏమీ వేసుకోలేదండీ, కల్చర్ కావాలా?" అని అడగండి. పరిస్థితి బాగాలేకపోతే రక్తం తీసిన వెంటనే వాళ్లే మందు మొదలుపెడతారు, రిపోర్టు కోసం ఆగరు. రెండో రోజు "ఇంకా ఏమీ రాలేదు" అన్నారని మీరు మందు ఆపించకండి. మామూలుగా అయిదు రోజులదాకా ఆ సీసాలను చూస్తూనే ఉంటారు.