కెరమైకోసు కుమ్మరుల అగ్నివిద్య

ప్రాచీన గ్రీకుల వైభవమును బోధించు చరిత్రపుస్తకములు సోక్రటీసు, ప్లేటోల తత్త్వచింతనకును, పార్థెనాను దేవాలయ శిల్పమునకును సముచిత స్థానమొసగి, ఏథెన్సు నగరమందలి కెరమైకోసు వాడలో మట్టి తొక్కి, సారె త్రిప్పి, ఆవము కాల్చిన కుమ్మరులను ఒక్క వాక్యముతో దాటిపోవుట తరచుగా కనబడుచున్నది. ఇది అన్యాయమని నా దృఢాభిప్రాయము. ఏలయన, వారి పనియందు ఇమిడియున్న పదార్థపరిజ్ఞానము ఆనాటి ఏ విద్యకును తీసిపోవునది కాదు.

ఆ కలశములపై నిగనిగలాడు నలుపు వేరొక రంగుద్రవ్యము కాదు. ఇనుము పాలు హెచ్చుగా గల స్థానిక మృత్తికను నీట కలిపి, ముతకరేణువులు అడుగునకు దిగువరకు ఉంచి, పైకి తేరిన మిక్కిలి సూక్ష్మమైన పూతతో చిత్రకారుడు బొమ్మలను వ్రాసెడివాడు. పిమ్మట ఒకే కాల్పులో మూడు దశలు జరిగెడివి. తొలుత గాలిని ధారాళముగ పోనిచ్చి సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేయగా పాత్ర యంతయు ఎర్రబారును. అటుపై గాలిద్వారములను మూసి, పచ్చికట్టెలు వేసి, వేడిమిని 900 డిగ్రీలు దాటింపగా, ప్రాణవాయువు చాలని ఆ పొగలో సమస్తమును నల్లబడి, సన్నని పూత మాత్రము గాజువలె బిగిసికొనును. తుదకు ద్వారములను తెరచి చల్లార్చునపుడు, సచ్ఛిద్రమైన పాత్రదేహము ప్రాణవాయువును పీల్చి మరల ఎరుపెక్కగా, బిగిసిన పూతలోనికి ఆ వాయువు చొరలేక నలుపు నిలిచిపోవును. ఉష్ణమాపకములు లేని ఆ కాలమున, ఆవములో నుంచిన చిల్లుపెంకులను నడుమ నడుమ కొక్కెముతో వెలికి లాగి చూచి వారు కాల్పును నిర్ణయించెడివారు. ఆ నలుపును మరల సాధించు మార్గమును జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు థియోడర్ షూమన్ ప్రకటించినది 1942లో!

ఈ విద్య చేతనుండుటవలననే చిత్రకళ అంత దూరము సాగినది. నల్లని ఆకృతులపై వాడిమొనతో గీతలు చెక్కు పద్ధతిలో ఎక్సీకియాస్ చిత్రించిన కలశమొకటి వాటికన్ ప్రదర్శనశాలలో నున్నది. ఆటలో మునిగిన అకిలీస్, అజాక్స్ వీరుల ఉత్తరీయములపై ఆయన తీర్చిన అల్లికపని అబ్బురపరచును. క్రీ.పూ. 530 ప్రాంతమున వేరొకడు ఆ క్రమమును తలక్రిందులు చేసి, చుట్టునంతటిని నల్లగ నింపి, ఆకృతులను మట్టివన్నెలోనే విడిచి, లోపలి రేఖలను కుంచెతో దిద్దెను. దానివలన కండరముల బిగువును, దేహపు మలుపును చూపుట సుకరమైనది. ఇంతటి పరివర్తనమునకు ఆద్యుడని పండితులు భావించు ఆ చిత్రకారుని స్వనామము మనకు దక్కలేదు. ఆయనకు కలశములు చేసియిచ్చిన కుమ్మరి పేరిట ఆండోకిడీస్ చిత్రకారుడని పిలుచుకొనుచున్నాము.

పాఠ్యగ్రంథ రచయితలకు నా విన్నపమిది: ఆ కలశముల చిత్రమును అచ్చువేయునపుడు, బొమ్మలోని పురాణకథతో సరిపెట్టక, ఆవములోని మూడు దశలనుగూడ దానిక్రింద వ్రాయుడు, రసాయనశాస్త్రోపాధ్యాయులును ఆ పుటను తమ తరగతులకు కొనిపోవుదురు గాక.