నాన్నగారి స్కూటరు స్టార్టవ్వలేదు

పోయిన సంచికలో పాస్‌వర్డుల గురించి రాస్తూ, ఈసారి ఇంట్లో వైఫై కష్టాల గురించి రాస్తానని మాట ఇచ్చాను. మాట తప్పుతున్నాను, మన్నించాలి. 2025 డిసెంబరు సెలవులకి విజయవాడ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి నా బుర్రలో ఒక స్కూటరే తిరుగుతోంది. తిరుగుతోంది అనకూడదేమో. అది కదలకపోవడమే కదా అసలు కథ.

మా నాన్నగారు 1988లో కొన్న స్కూటరది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. లేతనీలం రంగు, ముందు చిన్న డిక్కీ, వెనక స్టెప్నీ. నేను ముందు నిలబడేవాణ్ణి, చెల్లి మధ్యలో, అమ్మ వెనక ఒక పక్కకి తిరిగి కూర్చునేది. మన పాఠకుల్లో నలభై దాటినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. అంతకు ముందు, 1970ల్లో అయితే, స్కూటరు బుక్ చేస్తే చేతికి రావడానికి ఏళ్ళు పట్టేది. విదేశీ మారకంలో డబ్బు కట్టగలిగినవాళ్ళకి మాత్రం తొందరగా వచ్చేది. అమెరికాలో చుట్టం ఉంటే ఎంత లాభమో జనానికి మొదట తెలిసింది స్కూటరు దగ్గరేనని నా అనుమానం! మాకు అలాంటి చుట్టం లేడు. మా వంతు వచ్చేసరికి క్యూలు తగ్గాయి గానీ జీతాలు పెరగలేదు. నాన్నగారు ఆఫీసులో లోను పెట్టి కొన్నారు.

పిల్లలూ, మీకోసం కాస్త ఆగుతాను. ఈ స్కూటరుకి నొక్కడానికి బటన్ ఉండదు. కుడి పక్కన ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దాన్ని కాలితో బలంగా కిందికి తన్నాలి. దాన్నే కిక్కు కొట్టడం అంటాం. ఈ తరహా స్కూటరు 1946లో ఇటలీలో వెస్పా పేరుతో పుట్టింది. దాన్ని గీసిన కొర్రాదినో దస్కానియో విమానాల ఇంజనీరు. ఇంజనుని వెనక చక్రం పక్కన పెట్టి, రేకుతో మూసి, ముందు కాళ్ళు పెట్టుకోవడానికి ఖాళీ వదిలాడు. బట్టలకి గ్రీజు అంటకూడదని ఆయన ఆలోచన. చీరలకీ పంచెలకీ అంతకన్నా తగిన బండి ఇంకొకటి లేదని మన దేశంలో తేలింది. ఆయన చీరని ఊహించి ఉండడు లెండి.

ఇంతకీ, 2025 జూలైలో నాన్నగారు వానలో రైతుబజారు నుంచి వస్తూ జారి పడ్డారు. డెబ్భై ఏడేళ్ళ మనిషి. ఎముకలేవీ విరగలేదు, మోకాలు మాత్రం వాచింది. న్యూజెర్సీలో అర్ధరాత్రి ఫోను మోగితే మనందరి గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు తెలియంది కాదు. వారం తర్వాత మళ్ళీ మాట్లాడినప్పుడు అమ్మ, "ఆ స్కూటరు కూడా స్టార్టవ్వడం లేదట లేరా" అంది. నాన్నగారు ఫోను తీసుకుని, "నువ్వు వచ్చాక చూద్దాం, మోకాలు మడత పడట్లేదు, కిక్కు కొట్టలేను" అన్నారు. ఆయన నన్ను ఒక పని అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

అందుకని దిగిన మర్నాడే వరండాలో పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. పక్కన మా అమ్మాయి, పన్నెండేళ్ళది. నాన్నగారు ప్లాస్టిక్ కుర్చీలో, కాలు స్టూలు మీద. అమ్మ గుమ్మంలోంచి ఒకసారి చూసి, "వచ్చిందే పది రోజులకి, దాన్నెందుకురా కెలుకుతావు" అని లోపలికెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళకి పైగా కంప్యూటర్లని బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి. సర్వరు పడిపోతే ఎక్కడ మొదలుపెట్టాలో నిద్రలో లేపినా చెబుతాను. ఆ ధీమాతోనే మొదటి తప్పు చేశాను. ట్యాంకులో ఉన్నది అయిదు నెలల నాటి పెట్రోలు. ఇప్పుడు ఇండియాలో పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, పాత బళ్ళలోని రబ్బరు భాగాలకీ అంత మంచిది కాదు. ఇదంతా నాకు తెలుసు. కాబట్టి తప్పు పెట్రోలుదేనని కుర్చీలో కూర్చోకముందే తేల్చేశాను. పాత పెట్రోలు డబ్బాలోకి వంపేశాను. కొత్త పెట్రోలు తెచ్చి, లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిలు కలిపి పోశాను. పనిలో పనిగా కార్బొరేటర్ విప్పి జెట్టు ఊదాను. ఇంకా పనిలో పనిగా కొత్త స్పార్క్ ప్లగ్గు బిగించాను. మధ్యాహ్నం అయింది. చోకు లాగి, స్కూటరుని ఒక పక్కకి వంచి (ఈ వంచడంలో సగం ఇంజనీరింగు, సగం నమ్మకం) కిక్కు కొట్టాను. ఇరవై కొట్టాను. చొక్కా తడిసింది, స్కూటరు మాత్రం దగ్గనైనా దగ్గలేదు.

నాన్నగారు అప్పటిదాకా పేపరు చదువుకుంటున్నారు. పేపరు దించి, "ఒరేయ్, ఏం మార్చావు?" అన్నారు. చెప్పాను.

"మూడూ ఒకేసారి మార్చావా?"

మా టీములో ఎవడైనా కుర్రాడు ఒకేసారి మూడు మార్పులు చేసి "పనిచెయ్యట్లేదు సార్" అంటే నేనేమంటానో మా అమ్మాయికి తెలుసు. ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో పక్క గదిలోంచి విన్నది. నా వైపు చూసి కళ్ళు పెద్దవి చేసింది. నేను పానాలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

"ప్లగ్గు తియ్యి" అన్నారు నాన్నగారు. "తడిగా ఉందా, పొడిగా ఉందా?"

ఈ ఒక్క ప్రశ్న గురించే ఈ వ్యాసమంతా రాయొచ్చు. ఇంజను మండాలంటే పెట్రోలు, గాలి, నిప్పురవ్వ ఉండాలి. అన్ని కిక్కులు కొట్టాక ప్లగ్గు మొన పొడిగా ఉంటే పెట్రోలు అక్కడిదాకా రావట్లేదని అర్థం. అప్పుడు ట్యాపు తెరిచి ఉందా, రిజర్వులో ఉందా, ట్యాంకు మూతలో గాలి కన్నం పూడిపోయిందా, జెట్టులో నలక పడిందా అని చూసుకుంటూ పోవాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మండట్లేదు. అప్పుడు కార్బొరేటర్ జోలికి పోనే అక్కర్లేదు, నిప్పురవ్వ సంగతి చూడాలి. ఒక్క ప్రశ్నతో సగం బండిని పక్కన పెట్టెయ్యొచ్చు. నేను ఆ ప్రశ్న వెయ్యకుండా పొద్దుటినుంచీ పక్కన పెట్టాల్సిన సగంతోనే కుస్తీ పట్టాను.

ప్లగ్గు తీశాను. పెట్రోలు కారుతోంది.

ఇక్కడ నాకు 1995 గుర్తొచ్చింది. పదో తరగతి పరీక్షలు, లెక్కల పేపరు రోజు, స్కూటరు మొరాయించింది. నేను ఏడుపు మొహం పెట్టాను. నాన్నగారు వాచీ కూడా చూసుకోలేదు. డిక్కీలోంచి ప్లగ్గు పానా తీశారు, ప్లగ్గు విప్పారు, నల్లగా పట్టిన మసిని గరుకు కాగితంతో రుద్దారు, మొన దగ్గర సందు కళ్ళతోనే కొలిచారు (అది సుమారు అర మిల్లీమీటరు ఉండాలి), జేబురుమాలుతో తుడిచి బిగించారు. రెండో కిక్కుకి స్టార్టయింది. టూస్ట్రోకు ఇంజన్లో పెట్రోలుతోపాటు ఆయిలు కూడా మండుతుంది కాబట్టి ప్లగ్గుకి మసి పట్టడం మామూలే. ఆ రోజు పరీక్షకి నేను పది నిమిషాలు ముందే చేరాను. ఆయన ఆ జేబురుమాలుతోనే చెమట తుడుచుకుని ఆఫీసుకెళ్ళారు. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ చూసి చెప్పేదాకా నుదుటి మీద మసి ఉందని ఆయనకి తెలియదు.

సరే, నిప్పురవ్వ. తీసిన ప్లగ్గుని తుడిచి, మళ్ళీ దాని టోపీలో పెట్టి, ప్లగ్గు లోహం ఇంజను లోహానికి ఆనేలా ఉంచి కిక్కు కొడితే మొన దగ్గర నీలంగా చిటుక్కుమనాలి. పిల్లలూ, ఇది పెద్దవాళ్ళు పక్కన లేకుండా చెయ్యకండి. వేలు తగిలితే గట్టి షాకు కొడుతుంది. పెట్రోలు డబ్బా దగ్గర్లో ఉండకూడదు, చిందిన పెట్రోలు ఆరిపోయి ఉండాలి. డబ్బా పెరట్లోకి పంపి, పావుగంట ఆగి, మా అమ్మాయి చేతులతో నీడ పట్టి చూస్తుండగా కిక్కు కొట్టాను.

"డాడీ, నథింగ్."

"పాత ప్లగ్గు పెట్టి చూడు" అన్నారు నాన్నగారు. దాంతోనూ ఏమీ లేదు. "అయితే ప్లగ్గుది కాదు. పాయింట్లు చూడాలి. ఒకటి మార్చాలి, ఒక కిక్కు కొట్టాలి. తెలిసిందా అమ్మలూ?" ఆ ప్రశ్న నన్ను కాదు, మనవరాల్ని అడిగారు.

ఈ స్కూటరులో నిప్పురవ్వకి బ్యాటరీ అక్కర్లేదు. కిక్కు కొట్టగానే చక్రంలాంటి ఫ్లైవీలు తిరుగుతుంది, దాన్లో అయస్కాంతాలుంటాయి, పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. లోపల రెండు చిన్న లోహపు మొనలు ఒకదాన్నొకటి తాకుతూ, సరైన క్షణంలో విడిపోతూ ఉంటాయి. అవే పాయింట్లు. అవి విడిపోయిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర నిప్పు పుడుతుంది. అసలు కలవకపోతే విడిపోవడమూ లేదు, నిప్పూ లేదు.

ఫ్యాను మూత విప్పి, ఫ్లైవీలుకున్న కిటికీలోంచి సెల్‌ఫోను లైటు వేశాను. నా కళ్ళకి ఏమీ ఆనలేదు. దగ్గర చూపు ఎప్పుడో పోయింది, కళ్ళద్దాలు సూట్‌కేసులో ఉన్నాయి. మా అమ్మాయి తొంగిచూసి, "అక్కడ పేపర్ ఉంది" అంది.

పాయింట్ల మధ్య నిజంగానే ఒక కాగితం. దాని కనుబొమ్మల పట్టకారు తెచ్చి మెల్లగా లాగింది. రెండు మడతలు పెట్టిన చిన్న ముక్క. ఒక వైపు ఎర్ర అంకె సగం, తిథి సగం. వంటింటి గోడకి వేలాడే క్యాలెండరు కాగితం అది. ఎలక లాక్కెళ్ళి పెట్టేది కాదు.

నాన్నగారు చెయ్యి చాపారు. కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. గుమ్మం వైపు ఒకసారి చూశారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "పాయింట్లు కాస్త తుడువు, పచ్చబడి ఉంటాయి" అని మాత్రం అన్నారు.

నేను మంచినీళ్ళ వంకతో లోపలికెళ్ళాను. అమ్మ కూర కలుపుతూ నా వైపు చూడకుండానే చెప్పింది. "మెకానిక్కుకి నేనే చెప్పానురా. ఆయనకి వద్దని చెప్పి చూశాను. నీతో చెప్పించాను. విన్నారా? బండి అమ్మేద్దామంటే రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పాడు చెయ్యకుండా ఆపే ఉపాయం ఏదైనా ఉందా బాబూ అని అడిగితే, కాగితం ఉందా అమ్మా అన్నాడు." కాసేపాగి, "రాత్రిపూట ఆ గేటు చప్పుడయ్యేదాకా నాకు ఊపిరాడేది కాదు" అంది.

ఏమనాలి? ఫోన్లో "నాన్నా, స్కూటరు మానెయ్యండి" అని నెలకోసారి చెప్పి నా బాధ్యత తీరిపోయిందనుకున్నవాణ్ణి నేను. ఆటోలో వెళ్ళండని డబ్బు పంపేవాణ్ణి. ఆయన ఆ డబ్బు మా అమ్మాయి పేరున బ్యాంకులో వేస్తున్నారని ఈసారే తెలిసింది.

బయటికొచ్చేసరికి మా అమ్మాయి పాయింట్లు తుడిచేసి ఫ్యాను మూత కూడా బిగించేసింది. పరీక్షిస్తే ప్లగ్గు మొన దగ్గర సన్నటి నీలి మెరుపు చిటుక్కుమంది. అది గెంతిన గెంతుకి ఎదురింటివాళ్ళు కిటికీ తీశారు. ప్లగ్గు బిగించాం. ఇందాక నేను కొట్టిన కిక్కులకి ఇంజను ఓవర్‌ఫ్లో అయి ఉంటుందని, ట్యాపు కట్టేసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగు కిక్కులు కొట్టమన్నారు నాన్నగారు. కొట్టాను. తర్వాత ట్యాపు తెరిచి మళ్ళీ కొట్టాను. మూడోదానికి స్టార్టయింది.

ఆ చప్పుడు మీలో ఎంతమందికి గుర్తుందో! వరండా అంతా నీలం పొగ, టూటీ ఆయిలు వాసన. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

నాన్నగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. నేను పట్టుకోబోతే వద్దన్నారు. రెండడుగులు వేసి హ్యాండిలు పట్టుకుని యాక్సిలరేటరు కొంచెం పెంచారు, తగ్గించారు. తల కాస్త పక్కకి వంచి విన్నారు. స్టాండు తీస్తారనే అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుందని ఆమె మొహం చూస్తే తెలిసింది. ఆయన వంగి, సీటు కింద చెయ్యి పెట్టి, పెట్రోలు ట్యాపు కట్టేశారు.

ఇంజను ఇంకాసేపు ఆడుతూనే ఉంది.

"ఆఫ్ చేశారుగా, ఎందుకు ఆగలేదు తాతయ్యా?" అంది మా అమ్మాయి.

"కార్బొరేటర్లో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఆడుతుంది తల్లీ. చాలాకాలం నిలిపి ఉంచే బండిని ఇలాగే ఆపాలి. లేకపోతే లోపల జిగురు పట్టేస్తుంది."

చప్పుడు ఒకసారి పెరిగి, తడబడి, ఆగిపోయింది. పొగ పోవడానికి ఇంకొంచెం టైము పట్టింది.

"మసి చేతులతో లోపలికి రాకండి" అంది అమ్మ. "సబ్బు పెరట్లో పెట్టాను. ముగ్గురూ కాళ్ళు కూడా కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది."

(వైఫై సంగతి వచ్చే సంచికలో, తప్పకుండా.)