ముందు 5.2 సంగతి చెప్పండి

సర్కారు బడికి డిజిటల్ బోర్డు వచ్చిందా, ఏఐ పాఠం ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్లకు కొదవ లేదు. మూడో తరగతి పిల్ల రెండో తరగతి వాచకం చదవగలుగుతోందా అని అడిగేవాళ్లే కనబడరు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే ప్రకారం గ్రామీణ తెలంగాణలో అలా చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం. 2022కి 5.2 శాతం. సర్కారు బడులు, ప్రైవేటు బడులు కలిపి చెప్పిన లెక్క ఇది. నూటికి అయిదుగురు! దీనికి జవాబు లేకుండా భవిష్యత్తు తరగతి గది గురించి ఎవరేం చెప్పినా అది అమ్మకం మాటే.

2022 లెక్కనే పట్టుకోవడానికి కారణం ఉంది. కరోనాతో బడులు మూసిన కాలంలో మన పిల్లలకు టీచరు స్థానంలో తెరే ఉండేది. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్, ఫోన్. తెర ఒక్కటే చదువు చెప్పగలదా అన్న పరీక్ష రాష్ట్రమంతటా జరిగిపోయింది. ఆ తర్వాత తేలిన లెక్క 5.2. కరోనా కాలాన్ని లెక్కలోకి తీసుకోకూడదంటారు కొందరు. తెరకు అంతకంటే పూర్తి అవకాశం ఇంకెప్పుడొస్తుంది?

శంషాబాద్‌నే చూడండి. 2008లో విమానాశ్రయం వచ్చాక చుట్టుపక్కల ఇంటర్నేషనల్ స్కూళ్లు లేచాయి. రాళ్లగూడ, సాతంరాయి, గగన్‌పహాడ్ వైపు పాలమూరు నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి పనికొచ్చిన కుటుంబాలున్నాయి. పిల్ల ఇంట్లో ఒక భాష మాట్లాడుతుంది. బడిలో తెలుగు వింటుంది. 2022-23 నుంచి మాధ్యమం ఇంగ్లిష్. తండ్రి పని చేసే సైటు మారితే ఏడాది మధ్యలో బడి మారుతుంది. ఈ పిల్లకు గుణింతం ఎక్కడ తెగిపోయిందో, ఒత్తు దగ్గర ఎందుకు ఆగిపోతోందో పక్కన కూర్చుని వినే మనిషి కావాలి. చదవడం, లెక్కల పునాది కోసం సర్కారు బడుల్లో 2022 ఆగస్టు 15న మొదలైన 'తొలిమెట్టు' కార్యక్రమం ఆ దారిలో వేసిన అడుగే. కానీ ఒకే టీచరు అయిదు తరగతులు చూసుకునే బడిలో ఎవరి పక్కన కూర్చుంటారు? సర్కారు బడుల బాగు కోసం తెచ్చిన 'మన ఊరు-మన బడి' పథకం పన్నెండు అంశాల్లో డిజిటల్ తరగతి ఉండేది. తరగతికో టీచరు అన్న అంశం ఉండేది కాదు.

పక్క రాష్ట్రం అనుభవాన్ని ఎవరూ తలచుకోరు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ 5,18,740 ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. వాటిలో బైజూస్ పాఠాలు. 2024 జూలై 16న ఆ కంపెనీ మీదే దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబ్ చేతికొచ్చిన ఎనిమిదో తరగతి పిల్లలు పదో తరగతి దాటకముందే పాఠాల కంపెనీ దివాలా కోర్టు పాలైంది. దేశం దాటి చూసినా అంతే: పెరూ ప్రభుత్వం లక్షల లాప్‌టాప్‌లు పంచాక పిల్లల లెక్కల్లో, చదవడంలో మెరుగుదల కనబడలేదని 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అధ్యయనమే తేల్చింది.

సాంకేతికత ఎక్కడా పనికిరాదని కాదు. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేర్‌తో చదువు చెప్పే కేంద్రాలకు వెళ్లిన పిల్లలు నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో బాగా ముందుకెళ్లారని ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చూపించింది. ఏఐ పాఠాలు తెమ్మనేవాళ్లు దీన్నే ఉదాహరణగా చెబుతారు. ఎందుకు పనిచేసిందో మాత్రం చెప్పరు. అది పిల్ల ఏ తరగతిలో ఉందో కాదు, ఏ మెట్టు మీద ఉందో చూసి పాఠం ఇచ్చింది. పైగా సాఫ్ట్‌వేర్‌తో పాటు చిన్న బృందానికి పాఠం చెప్పే మనుషులూ అక్కడ ఉన్నారు. గోడకు పెద్ద తెర బిగించి అందరికీ ఒకే వీడియో వేస్తే ఆ 5.2 శాతానికి అర్థమవుతుందేమో. మిగిలిన 94.8 శాతానికి అది బొమ్మల సినిమా.

ఇకమీదట ఏ బడిలో తెర పెట్టినా దాని ధర పక్కనే, మూడో తరగతిలో ఎందరు రెండో తరగతి వాచకం చదవగలరో నోటీసు బోర్డు మీద రాయాలి. ఏడాదికి ఆ సంఖ్య కదలకపోతే కంపెనీకి మిగతా బిల్లు ఆపాలి. రోడ్డు గుంతలు పడితే కాంట్రాక్టరే పూడ్చాలన్న షరతు ఉంటుంది కదా, తెర అమ్మినవాళ్లకు ఆ మాత్రం బాధ్యత ఎందుకుండదు? ఇలాంటి షరతుకు ఏ కంపెనీ టెండరు వేయదని అధికారులు అనవచ్చు. తమ సరుకుతో పిల్లలకు చదువొస్తుందన్న నమ్మకం అమ్మేవాళ్లకే లేనప్పుడు, ప్రజల సొమ్ముతో దాన్ని కొనడానికి సంతకం పెట్టే అధికారికి ఆ నమ్మకం ఎక్కడ నుంచి వచ్చింది?